పరిశోధకుడికి అయిదేళ్లు: పిల్లల మెదడు క్యాన్సర్ మీద డబ్బు ఎలా ఖర్చుపెట్టాలి?

అమెరికాలో పిల్లల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్న క్యాన్సర్ ఏదని ఈ శతాబ్దం మొదట్లో అడిగితే ల్యుకేమియా అనే జవాబు వచ్చేది. మనం రక్త క్యాన్సర్ అంటాం. 2014 నాటికి ఆ జవాబు మారిపోయింది. ఏడాది వయసు మొదలు 19 ఏళ్ల వరకు ఉన్నవారిలో క్యాన్సర్ మరణాలకు మెదడు క్యాన్సరే మొదటి కారణమైందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య గణాంక కేంద్రం 2016లో ప్రకటించింది. ఇది విని మెదడు క్యాన్సర్ పెరిగిపోతోందని బెంగపడనక్కర్లేదు. ఆ పదిహేనేళ్లలో ల్యుకేమియా మరణాల రేటు బాగా తగ్గింది, మెదడు క్యాన్సర్ రేటు ఉన్నచోటే ఉంది. అదే దేశం, అవే ఆసుపత్రులు, అదే వయసు పిల్లలు. ఒక జబ్బు లొంగింది, ఇంకొకటి మొండికేసింది. ఎందుకు మొండికేసిందన్నదానికి కణితి స్వభావంలో సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం ఆ కణితిని పరిశోధించే మనుషుల జీతం లెక్కల్లో ఉందని నా అభిప్రాయం. పీహెచ్‌డీ ముగిసి, సొంత ప్రయోగశాల ఇంకా చేతికి రాని కొన్నేళ్లలో పరిశోధకులను పోస్ట్‌డాక్‌లు అంటారు. పిల్లల మెదడు క్యాన్సర్ మీద పెట్టే ఖర్చులో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఆ పోస్ట్‌డాక్‌కు, వారి పేరు మీదనే, సరిపడినన్ని ఏళ్లు ఇచ్చే డబ్బు. ఈ మాటకు ఆధారాలేమిటో, దీనిమీద వచ్చే అభ్యంతరాల్లో పస ఎంతో ఇవాళ పరిశీలిద్దాం.

ముందు లొంగిన జబ్బు సంగతి చూద్దాం. 1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక వ్యాసం ప్రచురించాడు. తీవ్ర ల్యుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందన్నది అందులోని సారం. ఆ మందు తయారైన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే బృందం చేతినుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ల్యుకేమియా చికిత్సలో ఉంది. ఇంతవరకు మనం తరచూ గర్వంగా చెప్పుకునేదే. ఆయన అమెరికా ప్రయాణానికి డబ్బు ఎక్కడిదన్న విషయం మాత్రం అంతగా చెప్పుకోం. 1920ల మొదట్లో మామగారు కూడగట్టిన సొమ్ముతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన హామీతో ఆయన బోస్టన్ చేరారు. వెళ్లింది ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదవడానికి. ఆ ధర్మకర్తలు సాయం చేసింది ఒక మనిషి చదువుకు. ఏ జబ్బుకు మందు కావాలో, ఎన్నేళ్లలో కావాలో వారు అడగలేదు. పాతికేళ్ల తర్వాత దాని ఫలితం, వారు కలలో కూడా అనుకోని చోట, బోస్టన్‌లోని పిల్లల వార్డులో కనిపించింది. ఆ తర్వాత మందులను జోడించి వాడే పద్ధతులు దశాబ్దాలపాటు మెరుగుపడుతూ వచ్చి, నేడు సంపన్న దేశాల్లో తీవ్ర లింఫోబ్లాస్టిక్ రకం ల్యుకేమియా వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతికి బయటపడుతున్నారు.

మరి మెదడు కణితి సంగతి ఏమిటి? రక్తం కావాలంటే సూది గుచ్చి తీసుకోవచ్చు, మందు ఇచ్చాక మళ్లీ తీసి చూడొచ్చు. మెదడులోంచి ముక్క తీయడం అలా కుదరదు. రక్తంలోని చాలా మందులను మెదడులోకి పోనివ్వకుండా ఆపే సహజమైన అడ్డుగోడ ఒకటి ఉంది. అన్ని మెదడు కణితులూ ఒకలాంటివి కావు. గ్లయోమా రకం కణితుల్లో మెల్లగా పెరిగేవాటితో పిల్లలు చాలాకాలం బతుకుతారు. చిన్నమెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమాకు ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ కలిపి చేస్తే ఎక్కువమంది నిలుస్తారు, కానీ ఎదుగుతున్న మెదడుకు తగిలిన రేడియేషన్ చదువు మీద, ఎదుగుదల మీద జీవితాంతం ప్రభావం చూపుతుంది. వీటన్నిటిలో ఘోరమైనది మెదడు కాండంలో, శ్వాసనూ మింగడాన్నీ నడిపించే నరాల నడుమ పుట్టే డీఐపీజీ అనే గ్లయోమా. కత్తి పెట్టి దాన్ని తీసేయడం సాధ్యం కాదు. జబ్బు బయటపడ్డాక సగంమంది పిల్లలు ఏడాది కూడా బతకరు. చంద్రుడి మీద అడుగుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కారెన్ 1962 జనవరిలో రెండేళ్ల వయసులో పోయింది మెదడు కాండంలోని కణితితోనే. ఆ పాపకు చేసింది రేడియేషన్ చికిత్స. అరవై ఏళ్లు దాటాక కూడా డీఐపీజీకి మొదటి చికిత్స రేడియేషనే.

ఈ కణితి అన్నేళ్లు కదలకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. ముక్క తీయడం ప్రమాదమని ఎంఆర్ఐ చూసే జబ్బు నిర్ధారించేవారు. అందుచేత ప్రయోగశాలలో పెంచి పరీక్షించడానికి కణాలే లేవు. మందులను మాత్రం పెద్దల మెదడు క్యాన్సర్ నుంచి అరువు తెచ్చి పిల్లల మీద ప్రయోగించేవారు. అవి ఒకదాని తర్వాత ఒకటి విఫలమయ్యాయి. ఈ పరిస్థితిని మార్చినవారిలో ముఖ్యురాలు స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మిషెల్ మోంజే. ఆమె నరాల వైద్యం చదివిన డాక్టర్. చేరింది ఫిలిప్ బీచీ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా. బీచీ పేరుపొందింది పిండం ఎదుగుదలలో పనిచేసే హెడ్జ్‌హాగ్ అనే సంకేత వ్యవస్థ మీద చేసిన పనికి. ఆ ల్యాబ్‌లో ఉండగా ఆమె, కన్నుమూసిన బిడ్డ మెదడులోంచి తల్లిదండ్రుల అనుమతితో తీసిన కణితి ముక్కనుంచి కణాలను బతికించి పెంచగలిగింది. ఆ పని 2011లో అచ్చయింది. చెప్పడానికి ఒక్క వాక్యమే. నిజానికి ఒక బిడ్డ చనిపోయిన గంటల్లోనే ఆ కుటుంబం అంగీకారం తీసుకోవాలి, ముక్కను చేర్చాలి, అది ల్యాబ్‌లో బతుకుతుందో లేదో తెలియకుండా నెలలపాటు కాపాడాలి. ఆరునెలలకోసారి ప్రగతి నివేదిక కోరే ఏ ప్రాజెక్టులోనూ ఇది ఇమడదు. అలాంటి కణాలు ఆ తర్వాత ఎన్నో ల్యాబ్‌లకు చేరాయి. 2015లో 16 మంది పిల్లల కణాల మీద 83 మందులను పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. ఆ కణాల ఉపరితలం మీద జీడీ-2 అనే గుర్తు దట్టంగా ఉందని 2018లో తేలింది. ఆ గుర్తును వెతికి పట్టుకునేలా రోగి సొంత రోగనిరోధక కణాలను తీర్చిదిద్ది ఎక్కించిన 11 మందిలో నలుగురి కణితి సగానికి పైగా తగ్గిందని, వారిలో ఒకరికి పూర్తిగా మాయమైందని 2024 నవంబరులో స్టాన్‌ఫర్డ్ బృందం ప్రకటించింది. పదకొండుమంది అంటే చాలా చిన్న సంఖ్య, దీన్ని నయమైపోయినట్టు చెప్పుకోకూడదు. అయినా దీని మూలం వెతుక్కుంటూ వెళితే సొంత ల్యాబ్ లేని ఒక పోస్ట్‌డాక్ బల్ల దగ్గర ఆగుతాం.

రెండో ఆధారం ఇంకా చిత్రమైనది, ఎందుకంటే ఇందులో కీలకమైన జవాబు క్యాన్సర్ నిపుణుడి నుంచి రాలేదు. 2012లో మాంట్రియల్ బృందం ఒకటి, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి బృందం ఒకటి విడివిడిగా ఒకే విషయం కనిపెట్టాయి. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ అనే ప్రోటీన్‌లో 27వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి ఉంది, డీఐపీజీ వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఇదే మార్పు. ఇది పెద్ద వార్తే, కానీ దానితోపాటు ఒక చిక్కు ప్రశ్న కూడా వచ్చింది. మన కణాల్లో ఈ హిస్టోన్‌ను తయారుచేసే జన్యువులు డజనుకు పైగా ఉంటాయి. వాటిలో ఒక్కదానిలో, అదీ ఒక్క ప్రతిలో, తప్పు దొర్లితే మొత్తం కణం ఎలా దారితప్పుతుంది? జవాబు న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆలిస్ ల్యాబ్ నుంచి వచ్చింది. అది హిస్టోన్ల రసాయనశాస్త్రానికి పేరుమోసిన ల్యాబ్. అక్కడి పోస్ట్‌డాక్ పీటర్ లూయిస్, మారిపోయిన ఆ కొద్దిపాటి ప్రోటీనే జన్యువులను నిద్రపుచ్చే ఎంజైమును పట్టి కట్టిపడేస్తుందని 2013లో చూపించాడు. నిద్రపోవలసిన జన్యువులు మేలుకుని ఉండిపోతాయి, కణం ఎదగడం మాని విభజన సాగిస్తుంది. పిల్లల క్యాన్సర్ గురించి తెలియనివాడు ఒక ప్రశ్న నచ్చి ఇటువైపు తిరగడం పోస్ట్‌డాక్ దశలోనే వీలవుతుంది. ఒకసారి ప్రొఫెసరయ్యాక పాత గ్రాంట్లు, పాత విద్యార్థులు, పాత విషయమే మనిషిని పట్టి ఉంచుతాయి. మెదడు క్యాన్సర్‌కు ఒక్క శాస్త్రం చాలదు. నాడీశాస్త్రం, రోగనిరోధక శాస్త్రం, జన్యుశాస్త్రం కలవాలి. నరాల సంకేతాలే గ్లయోమాను పెంచుతాయని చూపిన పనికి 2025లో మోంజేకు, జర్మనీకి చెందిన ఫ్రాంక్ వింక్లర్‌కు బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. అది కూడా రెండు శాస్త్రాల సరిహద్దులోంచి పుట్టిన పనే.

ఇక ఈ డబ్బు ఎవరిస్తున్నారు, ఎలా ఇస్తున్నారు? పోస్ట్‌డాక్‌కు జీతం రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, గైడ్ గ్రాంటులోంచి. అప్పుడు గైడ్ రాసిన ప్రాజెక్టే అతని పని, ఆ గ్రాంటు అయిపోతే అతని పనీ అంతటితో సరి. రెండోది ఫెలోషిప్. ఇది పరిశోధకుడి పేరు మీద, అతను ఎంచుకున్న ప్రశ్నకు వస్తుంది. పైన చెప్పిన సాహసాలకు చోటిచ్చేది రెండోదే. అమెరికాలో పిల్లల క్యాన్సర్‌కు ఇలాంటి ఫెలోషిప్‌లు చాలావరకు పుట్టింది తల్లిదండ్రుల దుఃఖంలోంచి, చందాల్లోంచి. అలెగ్జాండ్రా స్కాట్ అనే పాప తన నాలుగో ఏట, 2000లో, ఇంటిముందు నిమ్మరసం అమ్మి వైద్యులకు డబ్బిచ్చింది. 2004లో ఆ పాప పోయింది, ఆమె పేరిట వెలిసిన సంస్థ నేడు యువ పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తోంది. అదే 2000 మార్చిలో న్యూయార్క్‌లో కొందరు బీమా వ్యాపారులు కీమోథెరపీతో జుట్టు ఊడిన పిల్లలకు తోడుగా గుండు గీయించుకుని చందాలు వసూలు చేశారు. సెయింట్ బాల్డ్రిక్స్ ఫౌండేషన్ అలా మొదలైంది, ఇప్పుడు అది ఫెలోషిప్‌లతోపాటు పేద దేశాల వైద్యులకు శిక్షణ గ్రాంట్లు కూడా ఇస్తోంది. మొక్కుకుని తలనీలాలు ఇచ్చే మనకు ఈ పద్ధతి వింతగా తోచదు. 1973లో షికాగోలో ఇద్దరు తల్లులు మొదలుపెట్టిన అమెరికన్ బ్రెయిన్ ట్యూమర్ అసోసియేషన్, డేమన్ రన్యన్ సంస్థ సోన్ ఫౌండేషన్‌తో కలిసి పిల్లల క్యాన్సర్‌కే కేటాయించిన ఫెలోషిప్ కూడా ఈ కోవలోనివే. డీఐపీజీతో 2013లో పదేళ్ల వయసులో చనిపోయిన గాబ్రియెల్లా మిల్లర్ పేరిట మరుసటి ఏడాది ఏకంగా చట్టమే వచ్చింది. రాజకీయ పార్టీల మహాసభలకు ఇచ్చే ప్రభుత్వ సొమ్మును ఏడాదికి కోటీ 26 లక్షల డాలర్ల చొప్పున పదేళ్లు పిల్లల జబ్బుల పరిశోధనకు మళ్లించమన్న చట్టమది. మహాసభల ఖర్చు తగ్గించి పిల్లలకు పెట్టడమన్న ఆలోచన మన పార్టీలకూ తట్టితే ఎంత బాగుండును!

వీటిలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటిది పాస్‌పోర్టు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఇచ్చే ప్రధాన పోస్ట్‌డాక్ ఫెలోషిప్, ఎఫ్-32, ఆ దేశ పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. వీసా మీద అక్కడి ల్యాబ్‌లలో రాత్రింబగళ్లు పనిచేస్తున్న మన తెలుగు పిల్లలకు అది అందదు. అందే ముఖ్యమైన ప్రభుత్వ గ్రాంటు కె-99. మొదట గరిష్ఠంగా రెండేళ్లు గైడ్ దగ్గర, ఆ తర్వాత మూడేళ్లు సొంత ల్యాబ్‌లో పనిచేసుకోవడానికి వీలు కల్పించే ఈ గ్రాంటుకు పౌరసత్వ షరతు పెట్టలేదు. కానీ పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకముందే దరఖాస్తు చేయాలి. ఈ సంగతి అయిదో ఏట తెలుసుకుని ప్రయోజనం లేదు. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్ ఏ దేశంవారికైనా ఇస్తారు. రెండో లోపం జీతం. అమెరికా ప్రభుత్వం 2024లో కొత్త పోస్ట్‌డాక్‌కు నిర్ణయించిన భత్యం 61,008 డాలర్లు. కనీసం 70 వేలు ఉండాలని జాతీయ ఆరోగ్య సంస్థలు వేసుకున్న సలహా సంఘమే 2023 చివర చెప్పింది. బోస్టన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దెలు తెలిసినవారికి ఆ తేడా ఏమిటో వివరించనక్కర్లేదు. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, గడువు. చాలా సంస్థలు ఇచ్చేది ఒకటి రెండేళ్లకు. జన్యువు మార్చిన ఎలుకల సంతతిని తయారుచేయడానికే ఏడాది పట్టవచ్చు, కణితి పెరగడానికి నెలలు, అరుదైన జబ్బు కాబట్టి నమూనాలు పోగవడానికి ఇంకా కొంతకాలం. రెండో ఏడు సగం కాకముందే పరిశోధకుడు తర్వాతి దరఖాస్తు రాసుకుంటూ కూర్చుంటాడు. తప్పకుండా తేలే చిన్న ప్రశ్ననే ఎంచుకోవాలని ఆ గడువే అతనికి నేర్పుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. పీహెచ్‌డీ చేసినవారు ఇప్పటికే ఎక్కువ, ప్రొఫెసర్ ఉద్యోగాలు తక్కువ, ఇంకా పోస్ట్‌డాక్‌లను తయారుచేసి వీధిన పడేయడమా అని. పోస్ట్‌డాక్‌లలో ఎక్కువమందికి ప్రొఫెసర్ కుర్చీ దొరకదన్నది నిజం. అందుకే సంఖ్య పెంచమని నేననడం లేదు. పదిమందికి రెండేళ్ల చొప్పున ఇచ్చేకంటే నలుగురికి అయిదేళ్ల చొప్పున ఇవ్వడం మేలంటాను, ఖర్చు రెండింటికీ ఒకటే. ఆ నలుగురిని ఎంచుకోవడంలో పొరపాట్లు జరుగుతాయి, కొన్ని ప్రశ్నలు ఎటూ తేలవు. 2015లో కణాల మీద బాగా పనిచేసినట్టు కనిపించిన పనోబినోస్టాట్ అనే మందు రోగుల్లో ఆశించిన మేలు చేయలేదు. అయినా ఆ పరీక్ష వల్ల తర్వాతివారు ఏ దారి వదిలేయాలో తెలుసుకున్నారు. రెండో అభ్యంతరం, మందుల కంపెనీలు ఉండగా దాతలకూ ప్రభుత్వాలకూ ఈ బాధ్యత ఎందుకని. 2025 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డోర్డావిప్రోన్ అనే మందుకు అనుమతిచ్చింది. హిస్టోన్ మార్పు ఉన్న ఈ రకం గ్లయోమాకు వచ్చిన మొదటి మందు అది, పరీక్షించిన 50 మందిలో 22 శాతానికి కణితి తగ్గింది. దాన్ని అమ్మేది కంపెనీయే. కానీ ఆ అణువు మొదట గుర్తింపు పొందింది విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో, ఏ జన్యుమార్పు ఉన్నవారికి ఇవ్వాలో తెలిసింది దాతల, ప్రభుత్వాల డబ్బుతో నడిచిన పరిశోధన వల్ల. రోగుల సంఖ్య వేలల్లో ఉండే జబ్బుకు కంపెనీ చివరి మైలులో వస్తుందేగానీ మొదటి మైలులో రాదు. పోనీ పెద్ద ప్రభుత్వ ప్రాజెక్టులు చాలవా అంటే, వాటి నిలకడ కూడా అంతంతే. పిల్లల మెదడు కణితుల మందులను పరీక్షించడానికి 1999లో ఏర్పడిన కన్సార్షియంకు ఇక నిధులు కొనసాగించబోమని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2025లో తెలిపింది. కన్సార్షియం మూతపడినా అక్కడ పనిచేసిన మనిషి తన ఫెలోషిప్‌తో ఇంకో ల్యాబ్‌కు వెళ్లి పని సాగించుకోగలడు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మన దేశం నుంచే వస్తుంది. కణితి ఉందని కనిపెట్టేలోపే బిడ్డ చేజారిపోయే చోట, ఎంఆర్ఐకి జిల్లా దాటి పోవాల్సిన చోట, పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌ల గురించి మాట్లాడటం విలాసం కాదా? సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా నయం కావడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2030 నాటికి దీన్ని 60 శాతానికి చేర్చాలని 2018లో లక్ష్యం పెట్టుకుని, ముందుగా దృష్టిపెట్టవలసిన ఆరు క్యాన్సర్లలో మెల్లగా పెరిగే మెదడు గ్లయోమాను కూడా చేర్చింది. కాబట్టి మొదటి రూపాయి వైద్యానికే వెళ్లాలి, ఇందులో నాకు వాదన లేదు. అయితే వైద్యం చౌక కావాలన్నా పరిశోధనే కావాలి, అది మన నేలమీదే జరగాలి. మెడుల్లోబ్లాస్టోమా నాలుగు రకాలని, ఒక్కోదాని తీరు వేరని గత పదిహేనేళ్లలో తేలింది. డబ్ల్యూఎన్‌టీ అనే రకం వచ్చిన పిల్లలు చికిత్సతో ఎంతో బాగా నిలుస్తారు, గ్రూప్-3 అనే రకం చాలా ప్రమాదకరం. రకం తెలిస్తేనే ఎవరికి ఎంత రేడియేషన్ అన్నది ఆలోచించగలం. విదేశాల్లో దీన్ని ఖరీదైన జన్యు పరీక్షలతో తేల్చేవారు. నవీ ముంబైలో టాటా మెమోరియల్ సెంటర్‌వారి ఏక్ట్రెక్‌లో నీలం శిర్సాట్ బృందం, ఫార్మలిన్‌లో నిల్వచేసి మైనంలో దాచిన మామూలు కణితి ముక్కలతోనే, పీసీఆర్ యంత్రం మీద రకం తేల్చే పరీక్షను 2013లో ప్రచురించింది. పీసీఆర్ అంటే కోవిడ్ రోజుల్లో ఊరూరా వినిపించిన యంత్రమే. ఇలాంటి ప్రశ్న బోస్టన్‌లో ఎవరికీ తట్టదు, వారికి ఆ అవసరం లేదు. మన దగ్గర అయిదేళ్లు కుదురుగా కూర్చున్నవారికే తడుతుంది.

అలాంటివారికి మన దేశంలో దారులు బొత్తిగా లేకపోలేదు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌లోని వెల్కమ్ ట్రస్టు కలిసి నడిపే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. అది పోస్ట్‌డాక్ దశలోనివారికి ఇస్తూ వచ్చిన ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ అయిదేళ్లది. నేను అడుగుతున్న నమూనా సరిగ్గా అదే. ఇండియా అలయన్స్ మూడో దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మొత్తం 1,500 కోట్లు, అందులో వెయ్యి కోట్లు మన ప్రభుత్వానివి. విదేశాల నుంచి తిరిగొచ్చే శాస్త్రవేత్తలకు బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే అయిదేళ్ల ఫెలోషిప్‌కు శ్రీకాకుళంలో పుట్టిన మహావైద్యుడు వులిమిరి రామలింగస్వామి పేరు పెట్టారు. వీటి పక్కన జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ ఉంది, అది రెండేళ్లకే. రెండేళ్లలో తేలే పనులకు అది చాలు, పిల్లల మెదడు కణితికి చాలదు. ఫెలోషిప్ డబ్బు సకాలంలో రావడం ఇంకో సమస్య. భత్యం పెంచమని, వేళకు ఇమ్మని 2018, 2019లలో దేశమంతటా పరిశోధకులు వీధికెక్కారు. నెలనెలా అందని అయిదేళ్ల ఫెలోషిప్ కంటే అందే మూడేళ్లదే నయం.

చివరగా రెండు విన్నపాలు. ఈ రంగంలో పనిచేస్తున్న, చేయదలచిన తెలుగు పరిశోధకులకు మొదటిది. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన రోజే మీకు వర్తించే ఫెలోషిప్‌ల వయసు, అనుభవం, పౌరసత్వ నిబంధనలను ఆయా సంస్థల తాజా ప్రకటనల్లో చూసుకోండి, అవి ఏటా మారుతుంటాయి. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు అతని పేరుప్రతిష్ఠల కంటే, వెళ్లిపోయేటప్పుడు మీ ప్రశ్నను మీతో తీసుకెళ్లనిస్తాడా లేదా అన్నది ముందు అడగండి. రెండోది దాతలకు. క్యాన్సర్ ఆసుపత్రికి భవనమో యంత్రమో ఇచ్చే సంప్రదాయం మనకుంది, దాన్ని మానమని చెప్పను. ఇక్కడి వ్యాపారులైనా, విదేశాల్లోని తెలుగు సంఘాలైనా, ఈసారి ఇచ్చేటప్పుడు పిల్లల మెదడు కణితుల మీద పనిచేసే ఒక్క పోస్ట్‌డాక్‌కు అయిదేళ్ల జీతం ఇవ్వండి. ఏ మందు కనిపెట్టాలో షరతు పెట్టకండి.